మేనమామ ఒడి

మా కంచరపాలెంలో నన్ను ప్రపంచమంతా తిరిగినవాడినని చెప్పుకుంటారు. విని ఊరుకుంటాను. నేను సరుకు ఓడలో వెల్డర్‌ని. నేను చూసిన దేశాల్లో సగం డెక్ మీద రెయిలింగ్ పట్టుకుని చూసినవే.

ఒకసారి దారిలో సరుకు మారి, మా ఓడ నా చెల్లెలు కాపురముండే విదేశపు ఊరి రేవుకే పోవాలని ఖాయమైంది. చెల్లెలు సంబరపడిపోయి కూతురికి చెవులు కుట్టించడానికి ముహూర్తం పెట్టేసింది. మాలో పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే చెవులు కుట్టిస్తారు. రెండేళ్లొస్తున్నా నా కోసమే ఆపింది. ఎప్పటికైనా ఆ వైపు పోకపోతానా అని, అమ్మ కురుపాం మార్కెట్లో చేయించిన పోగులు ముందే నా పెట్టెలో వేసింది.

చాలా రేవుల్లో ఓడ మనుషుల గుర్తింపు పుస్తకం చూపిస్తే సాయంత్రం దాకా దిగనిస్తారు. ఇక్కడా అంతేననుకోవడం నా తెలివితక్కువతనం. ఓడెక్కిన అధికారి నా పాస్‌పోర్టు తిరగేసి, వీసా లేదు గనుక కింద అడుగు పెట్టొద్దన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే ఇంకా ఒళ్లు మండించింది. పక్కనున్న మా ఇంజినీరుది యూరప్ పాస్‌పోర్టు. దానికి వీసాయే అక్కర్లేదట. ఇద్దరం ఒకే ఓడలో, ఒకే వంట తింటూ వచ్చాం. పోనీ చెల్లెలే పాపను తీసుకుని వద్దామంటే, పిల్లల్ని రేవులోకి రానివ్వరు.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే చెల్లెలు ఒకటే అడిగింది.

"ఓడొచ్చింది గాని నువ్వు రానేదు. అదేటన్నియ్యా?"

పోగులైనా అందాలని ఇంజినీరు చేతికిచ్చి పంపాను. చెల్లెలింట్లో ముహూర్తం దాటిపోతోందని అందరూ తర్జనభర్జన పడుతుంటే, కంచరపాలెం నుంచి వీడియో కాల్‌లో ఉన్న అమ్మ తేల్చేసింది.

"అన్న పంపినోడు అన్నలాంటోడే. ఆయన ఒళ్లోనే కూకోబెట్టు."

నేనూ ఆ కాల్‌లోనే ఉన్నాను. ఎదురుగా ఆ ఊరి మేడలు కనిపిస్తున్నాయి. డెక్ మీద ఒక్కణ్నే నిలబడి వాళ్ల ఇంటిని ఫోన్‌లో చూశాను. పాపం ఇంజినీరు చాప మీద మఠం వేసుకోలేక తంటాలు పడ్డాడు. సూది దిగగానే పిల్ల గుక్కపట్టి ఏడ్చి, ఆయన మెడ వాటేసుకుంది. మంచి మనిషి, మెల్లగా వీపు నిమిరాడు. అలాంటివాడి మీద నాకు పట్టరాని అసూయ కలిగింది.

ఎప్పటికైనా నేనొస్తానని చెల్లెలు పిల్లకు ఎన్నాళ్లుగానో ఒక మాట నేర్పుతోందట. ఏడుపు ఆగాక పిల్ల ఆయన ముఖంలోకి చూసి, "మావ" అంది.

అందరూ నవ్వారు. నేను ఫోన్‌లోంచి "ఊ" అని పలికాను గాని, ఆ నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు.