ప్రదర్శనకు పెట్టిన ఎడారి ఎలుక

నాన్నకు బ్యాంకు ఉద్యోగం కలకత్తాలో. చదువయ్యాక నేనూ భవానీపూర్ దగ్గర ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే పనిలో చేరాను. ఆ ఏడు మా విభాగాధిపతి రాజస్థాన్ వెళ్లి ఎడారి ఎలుకల జంటను తెచ్చారు. వన్యప్రాణుల సంరక్షణ మీద ప్రదర్శన పెట్టాలని ఆయన ఉబలాటం.

ఇసుకరంగు ఒళ్లు, పొడుగాటి తోక, మిరియాల్లాంటి కళ్లు. గాజుపెట్టెలో ఇసుక పోయగానే అవి బొరియ తవ్వుకున్నాయి. సజ్జలు, గడ్డిగింజలు, ఎప్పుడైనా ఒక పురుగు, అదే వాటి తిండి. నీళ్లగిన్నె వంక చూసేవి కావు. గింజల్లోంచే ఒంటికి కావలసిన తడి రాబట్టుకునేవి. పగలంతా బొరియలోనే. సాయంత్రం నేను కదలకుండా కూర్చుంటే మగది బయటికొచ్చి, గింజను ముందుకాళ్లతో పట్టుకుని తినేది.

ప్రదర్శన మొదటిరోజు జనం గాజు మీద వేళ్లతో కొట్టి, ఎలుక ఏదంటూ నవ్వుకుంటూ పోయారు. విభాగాధిపతి మొహం మాడిపోయింది. ల్యాబ్ అటెండర్‌ని పిలిచారు. అతను రేవు దగ్గరి వాట్‌గంజ్‌లో ఉండే శ్రీకాకుళం మనిషి.

“ఒకదానికి క్లోరోఫాం ఇచ్చెయ్. తోలు తీసి, దూది కూరి పెట్టు.”

“కాపాడమని చెప్పడానికి చంపుతామా సార్?” అన్నాను.

“కనబడనిదాన్ని ఎవరు కాపాడతారు?” అన్నారాయన టీ తాగుతూ.

నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఆయన నన్ను పట్టించుకోకుండా, “ఉద్యోగం కావాలా, వద్దా?” అని అటెండర్‌ని అడిగారు.

“ఏటి సేస్తానమ్మా, పిల్లలున్నారు. తప్పుకోండమ్మా,” అన్నాడతను తెలుగులో. తప్పుకున్నాను.

బొరియ తవ్వి మగదాన్ని పట్టి సీసాలో వేశాడు. మూత బిగించాక అది గాజును గీరింది. గీరడం ఆగిపోయినా, ఆయన తొంగిచూసి “ఇంకాసేపు ఉంచు” అన్నారు.

మర్నాడు అది పూసల కళ్లతో పీఠం మీద నిలబడింది. కింద అట్టముక్క మీద “ఎడారి ప్రాణులను కాపాడుకుందాం” అని రాసి ఉంది. ప్రదర్శనకు వచ్చిన ముఖ్య అతిథి విభాగాధిపతి భుజం తట్టి మెచ్చుకున్నారు.

ఆడదాన్ని ఇంటికి తీసుకెళ్తానన్నాను. “తీసుకెళ్లండి, దాక్కునేదానితో నాకేం పని?” అన్నారు. వానలు మొదలయ్యాయి. మా గదిలో గోడలు చెమర్చాయి, ఇసుక ముద్దకట్టింది. నాన్న ఇసుకను పెనం మీద వేయించి ఇచ్చేవారు. పెట్టె మీద బల్బు వేలాడదీశాను. కరెంటు పోయిన ప్రతిసారీ చెమ్మ మళ్లీ పట్టేది. దాని బొచ్చు అట్టలు కట్టింది, గింజ ముట్టడం మానేసింది. ఒక పొద్దున కూలిన బొరియ కింద బిగుసుకుపోయి కనిపించింది. గోడ పక్కన పాతిపెట్టాను.

“కుళ్లకముందే పట్రండి, జంటగా పెడదాం,” అన్నారు విభాగాధిపతి స్టాఫ్‌రూంలో అందరి ముందూ.

“పాతేశాను సార్.”

“ఒక్క పని సరిగ్గా చెయ్యలేరు,” అన్నారాయన. తోటివాళ్లు నవ్వారు. నవ్వనివాడు టీ కప్పులు తీస్తున్న అటెండర్ ఒక్కడే.