నందిగామ నుంచి వచ్చిన చారు

ముందుగా నా రాతకి క్షమించండి. ఏడో తరగతి వరకే చదివాను. నా అక్షరాలు పొందికగా ఉండవు, ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. మావయ్యగారి మాసికానికి మన సంఘం తరఫున చిన్న పుస్తకం వేస్తున్నారని, ఇంట్లో వాళ్ళందరూ తలా ఒక పేజీ రాయాలని మా ఆయన చెప్పినప్పుడు, నాది కూడా మీరే రాసేయండి అన్నాను. కానీ మావయ్యగారి గురించి మీరంతా ఒకటి అనుకుంటున్నారు. అది నిజం కాదని నేను రాస్తేనే తెలుస్తుంది.

ఆయన పోయారని జగ్గయ్యపేటలో మా కిరాణా కొట్టు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను చారుకి పోపు పెడుతున్నాను. ఎవరికో ధనియాలు తూస్తూ, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. తక్కెడలో ధనియాలు అలాగే ఉన్నాయని మా ఆయన తరవాత చెప్పారు.

పేట నుంచి నందిగామ దాకా హైవే పక్కనున్న హోటళ్ళకి సరుకులు మా కొట్టు నుంచే వెళ్ళేవి. అందుకే ఎక్కడ మంచి శాకాహారం దొరుకుతుందో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. దారి పొడుగునా బిర్యానీలు, మిలటరీ హోటళ్ళు, బార్లే కదా. సిమెంటు ఫ్యాక్టరీలకి కొత్తగా వచ్చిన ఆఫీసర్లు, మాంసం ముట్టనివాళ్ళు, కొట్టు వెతుక్కుంటూ వచ్చేవారు.

"సెట్టిగారూ, మంచి వెజ్ హోటల్ ఏదండీ ఇక్కడ?"

"బోర్డు చూడకండి. వాడేం సరుకు కొంటున్నాడో నన్నడగండి," అనేవారు మావయ్యగారు. "ఆ బస్టాండు ఎదురుగా వాడు వంటసోడా తెగ పట్టుకెళ్తున్నాడు. ఇడ్లీ మెత్తగానే ఉంటది, జోలికెళ్ళకండి. వంతెన పక్క వాడు కందిపప్పులో బటాణీ పప్పు కలుపుతాడు, సాంబారు వద్దు, పెసరట్టు తినండి."

"వాడు శుద్ధ శాకాహారం అని రాసుకున్నాడు కదండీ?"

"శుద్ధ అన్నది ఎంత పెద్ద అక్షరాలతో రాస్తే అంత అనుమానించాలండి."

ఏ హోటల్‌కి వెళ్ళినా చేతులు కడుక్కునే నెపంతో వెనక్కి వెళ్ళి, గిన్నెలు తోమే చోటు చూసి వచ్చేవారట. బాగా తింటే, బాగుందన్న మాట గల్లాపెట్టె దగ్గర చెప్పేవారు కాదు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, వండినవాడితో చెప్పేవారు. "యజమానికి మనం ఇచ్చే డబ్బులు చాలు. మాట వండినోడికి చెందాలి," అనేవారు.

నా పెళ్ళయిన కొత్తలో ఆయనంటే నాకు భయం. నిజానికి అందరంటే భయమే. మా ఊరు జి.కొండూరు దగ్గర. అమ్మ చిన్నప్పుడే పోతే పెద్దమ్మ ఇంట్లో పెరిగాను. పెట్టింది తిని లేవడమే తప్ప, ఇది కావాలని అడగడం నాకు రాదు. అత్తయ్యగారింట్లో ఉల్లి, వెల్లుల్లి లేదు. అత్తయ్యకి మడి పట్టింపు ఎక్కువ. బయట తిండిలో ఆవిడ గడప దాటనిచ్చేది ఒక్క నందిగామ పంతులుగారి మెస్సు భోజనమే.

మూడో నెలలో నాకు వేవిళ్ళు మొదలయ్యాయి. నీళ్ళు తాగినా నిలవలేదు. అత్తయ్య తనకి చేతనయినవన్నీ వండారు, అన్నీ బయటికే. నందిగామలో డాక్టరమ్మ చూసి, "ఇలాగైతే కష్టం. తల్లి తినకపోతే బిడ్డ ఎలా పెరుగుద్ది? వారంలో మార్పు లేకపోతే ఆస్పత్రిలో చేర్చుకోవాలి," అన్నారు. ఏం తినాలనుందని అందరూ అడిగేవారు. నేను తల దించుకునేదాన్ని.

మావయ్యగారు మాత్రం అడగలేదు. సరుకుల పని మీద నందిగామ వెళ్ళినప్పుడల్లా పంతులుగారి మెస్సు నుంచి ఏదో ఒకటి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయేవారు. ఒకరోజు ఇడ్లీ, ఒకరోజు నిమ్మకాయ పులిహోర, ఒకరోజు పెరుగన్నం. ఏదీ నిలవలేదు. అయిదో రోజో ఆరో రోజో స్టీలు కారియర్‌లో అన్నం, చారు తెచ్చారు. మూత తీయగానే మిరియాల వాసన, ఇంగువ వాసన. మూడు ముద్దలు తిన్నాను. ఒక గంట కూర్చున్నాను. నిలిచింది.

ఆయన కొట్టుకి వెళ్ళకుండా వరండాలోనే ఉన్నారు. "నిలిచిందా అమ్మా?" అన్నారు. తలుపు చాటు నుంచి నిలిచిందన్నాను. ఆయన వెంటనే లేచి వెళ్ళిపోయారు. వీధి మలుపు దాటాక గానీ తను వేసుకున్నవి అత్తయ్య చెప్పులని చూసుకోలేదు.

ఆ రోజు నుంచి రెండున్నర నెలలు, ప్రతి మధ్యాహ్నం బస్సెక్కి నందిగామ వెళ్ళి ఆ చారు తెచ్చారు. "నందిగామ నుంచి" అని మాత్రం చెప్పేవారు. పంతులుగారి మెస్సుదని అత్తయ్య తనంతట తానే అనుకున్నారు. నేను తినగా మిగిలింది ఒక గ్లాసుడు ఆవిడే తాగి, "పంతులుగారి చేతిలో ఏదో ఉందే," అనేవారు. మావయ్యగారు పేపరు చదువుకుంటున్నట్టు ఉండేవారు.

అయిదో నెలలో స్కానింగుకి ఆయనే నన్ను నందిగామ తీసుకెళ్ళారు. బయటికొచ్చేసరికి ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి. నడిరోడ్డు మీద ఆయన కాసేపు ఆలోచించి, "అమ్మా, ఒక చోటికి తీసుకెళ్తా, భయపడకు," అన్నారు. తీరా చూస్తే అది బార్ అండ్ రెస్టారెంట్. నా కాళ్ళు ఆగిపోయాయి. ఆయన పక్క సందులోంచి వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ రేకుల షెడ్డు, విడిగా ఒక పొయ్యి, విడిగా గిన్నెలు, లుంగీ కట్టుకున్న పెద్దాయన ఒకరు. ఆయన ఆ బారులో వంట మాస్టారు.

"రండి సెట్టిగారూ. అమ్మాయిగారేనా? ఇన్నాళ్ళకి చూపించారు," అంటూ బల్ల తుడిచారు మాస్టారు.

మావయ్యగారు నాకు చెప్పారు. "ఈ బారుకి నంబర్ వన్ కందిపప్పు, కొత్త చింతపండు తప్ప పనికిరాదంటే నాకు ఆశ్చర్యమేసిందమ్మా. తాగేవాళ్ళకి చారు రుచేం తెలుసయ్యా అని ఈయన్ని అడిగా."

"తాగినోడు ఇంటికెళ్ళి అన్నం పెట్టమని ఏ మొహంతో అడుగుతాడండి?" అన్నారు మాస్టారు. "ఇక్కడే రెండు ముద్దలు తినెళ్ళాలి. మా ఇంట్లో నీచు ముట్టం, ఈ పొయ్యి మీదకి అది రానివ్వను. నెల రోజులు చూసి చూసి గానీ సెట్టిగారు నా చేతి ముద్ద తినలేదు, తెలుసా!"

కంచంలో చారన్నం అయిపోయింది. నాకింకా కావాలి. మావయ్యగారు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు. "నేనడగనమ్మా. పెట్టేవాడు ఎదురుగా ఉన్నాడు, ఆకలి నీ దగ్గరుంది. మధ్యలో నేనెందుకు?" అన్నారు. ఎంతసేపు పట్టిందో తెలియదు. చివరికి, "ఇంకొంచెం చారు పొయ్యండి," అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు తెరిచి అడిగింది అదే మొదలు. మావయ్యగారు అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నారు.

నేను చేతులు కడుక్కుంటుంటే ఆయన ముందుగా సందులోంచి రోడ్డు మీదకి వెళ్ళారు. పేట బజారులో మనకందరికీ తెలిసిన ఒకాయన సరిగ్గా అప్పుడే ఎదురుపడ్డారు.

"ఏం సెట్టిగారూ, పట్టపగలే? మాకు చెప్తే మేమూ వచ్చేవాళ్ళం కదా!"

లోపల ఉన్న నాకు ఆ నవ్వు వినిపించింది. నన్ను పిలిచి చూపిస్తే సరిపోయేది. మావయ్యగారు పిలవలేదు. "ఎండగా ఉందండీ," అని మాత్రం అన్నారు.

తరవాత సంగతి మీకు తెలుసు. కార్తీక వనభోజనాల వంట ఏళ్ళ తరబడి మావయ్యగారి అజమాయిషీలోనే జరిగేది. ఆ ఏడు అది ఇంకొకరికి ఇచ్చారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. అందరితోపాటు బంతిలో కూర్చుని, తిని, వంటవాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి "బాగుందయ్యా" అని చెప్పి వచ్చారు. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మీరు చూసింది మీరు నమ్మారు. ఆయన తాగుతారన్న మాట అత్తయ్య చెవిన కూడా పడింది. ఆవిడ చాలా రోజులు ఆయన కండువా వాసన చూసి, "ఇంగువ తప్ప ఇంకేం లేదు, పోండి," అని అమ్మలక్కలతో దెబ్బలాడారు.

"చెప్పేయండి మావయ్యగారూ," అని ఒకసారి బతిమాలాను.

"చెబితే నీ చారు ఆగిపోద్ది. మీ అత్తయ్య తాగిన గ్లాసులన్నీ ఆవిడకి గుర్తొస్తాయి. నా సంగతికేముందిలే అమ్మా, పాప పుట్టాక చూద్దాం," అన్నారు.

పాప పుట్టింది. మూడు కిలోలు. ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పాపకి రెండేళ్ళు నిండాయి. నందిగామ వెళ్ళినప్పుడల్లా ఆయన భోజనం అక్కడే. ఆ కారియర్ కూడా అక్కడే, ఆయన కోసం విడిగా కొట్టిన మేకుకి ఉండిపోయింది. అది అత్తయ్యకి పుట్టింటివాళ్ళు పెట్టింది, మీద ఆవిడ పేరు చెక్కి ఉంటుంది. అది కనపడక ఆవిడ ఇల్లంతా గాలించారు.

పెద్దకర్మ రోజు భోజనాల వేళకి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన గుమ్మం బయటే నిలబడ్డారు. చేతిలో కారియర్. "నందిగామ నుంచండి. సెట్టిగారిది ఇచ్చిపోదామని," అన్నారు.

లోపల గదిలో ఉన్న అత్తయ్య గొంతు వినిపించింది. "పంతులుగారా? బయట నిలబెట్టారేంటి, లోపలికి రమ్మనండి."

మాస్టారు నా వంక చూశారు. ఇంటి నిండా చుట్టాలు, బజారు వాళ్ళు. ఆ రోజు నవ్వినాయన కూడా ఉన్నారు.  ఆకలి నీ దగ్గరుంది, మధ్యలో నేనెందుకు అన్న మాట గుర్తొచ్చింది.

"పంతులుగారు కాదు అత్తయ్యా. బారులో వంట మాస్టారు. నేను తిన్న చారు అక్కడిదే. మావయ్యగారు బారుకి వెళ్ళింది నా కోసం," అన్నాను.

 అత్తయ్య గుమ్మం దాకా వచ్చి, కారియర్ మీద తన పేరు వేలితో తడిమారు.

"నేను తాగింది కూడానా?"

"మీరు తాగింది కూడా అమ్మగారూ," అని చేతులు జోడించారు మాస్టారు.

"ఇంగువ ఎక్కడిది?"

"సెట్టిగారే తెచ్చిచ్చేవారండి. మీ కొట్లోదే."

"అదీ సంగతి," అన్నారు అత్తయ్య. ఆయన పోయిన రోజు నుంచి గట్టిగా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చారు. కళ్ళు తుడుచుకుని, "ఎండలో పడి వచ్చావు. భోజనం చేసి వెళ్ళు నాయనా," అన్నారు.

ఇదంతా రాసి, చివర మా ఆయనకి ఇది చదివాక కాల్చేయండి అని పెట్టాను. నా పేరు పుస్తకంలో చూసుకోవాలంటే అంత సిగ్గు. నిన్న అత్తయ్య చదివి వినిపించమన్నారు. విని, "కాల్చేయమంటావేంటే పిచ్చిదానా? కాలిస్తే ఆయన మళ్ళీ తాగుబోతే అవుతాడు," అన్నారు. ఆ మాట నా చేతే కొట్టేయించారు.

కారియర్ ఇప్పుడు మా ఇంట్లో లేదు. దాని నిండా కందిపప్పు పోసి, ఒక ఇంగువ డబ్బా పెట్టి, మా ఆయన చేత అత్తయ్యే వెనక్కి పంపించారు. ఎవరింట్లోనైనా కడుపుతో ఉన్న అమ్మాయికి ఏదీ సయించకపోతే మాస్టారు దాన్లోనే చారు పోసి పంపాలని కబురు. అంతవరకు అది నందిగామలో బారు వెనక రేకుల షెడ్డులో, మావయ్యగారి మేకుకే వేలాడుతూ ఉంటుంది, అత్తయ్య పేరు ఇటు మా పేట వైపు తిరిగి.