పేరు చెప్పకుండా చేసిన ప్రార్థన

కళ్ళు మూసుకుని, పూర్తి భక్తితో ప్రాణస్నేహితురాలి కొంప ముంచడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. భిలాయి మొత్తంలో ఈ విద్య నాకంటే బాగా వచ్చినవాళ్ళు దొరకరు.

అప్పుడు నేను పదకొండో తరగతి. పిల్లల్లో మనోధైర్యం పెరగాలని బడిలో వర్క్‌షాప్ పెట్టి, చివర్లో నాకు 'సపోర్ట్ లీడర్' అని బ్యాడ్జి తగిలించారు. తోటివాళ్ళ బాధ వినాలి, ఓదార్చాలి, విన్నది ఎవరికీ చెప్పకూడదు. మొదటి రెండూ నాకు చాలా బాగా వచ్చాయి.

నా మొదటి కేసు నా ప్రాణస్నేహితురాలు గ్రేసే. ఫిజిక్స్‌లో ఫెయిలైంది. వాళ్ళ నాన్నకి స్టీల్ ప్లాంటులో వారమంతా నైట్ షిఫ్టు.

"ఆదివారం నాన్న నిద్ర తీరాక నేనే చెప్తాను యార్. అందాకా ఎవలికీ చెప్పకే. బయటోళ్ళ నోట తెలిస్తే మా అమ్మ నన్ను రాయ్‌పూర్ బాస్కెట్‌బాల్ క్యాంపుకి పంపదు," అంది.

"బ్యాడ్జి చూసావా?" అన్నాను ఠీవిగా.

శుక్రవారం సాయంత్రం రుఆబాంధా సెక్టార్‌లో మా క్వార్టర్‌లోనే ప్రార్థన కూటం. గ్రేసు, వాళ్ళమ్మ మార్తా ఆంటీ ముందు వరసలోనే కూర్చున్నారు. పాస్టరుగారు ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా అని అడగ్గానే నాలోని లీడరు లేచి నిలబడింది. ఎందుకు నిలబడాలి? కూర్చుంటే ఎవరైనా కొట్టారా?

"నాకు తెలిసిన ఒకమ్మాయి కోసం ప్రార్థించండి. పేరు చెప్పను," అన్నాను భక్తిగా కళ్ళు మూసుకుని.

"వద్దమ్మా, ప్రభువుకి తెలుసు," అన్నారాయన.

అక్కడ ఆగాలి కదండీ. ఆగితే నేనెందుకవుతాను?

"ఫిజిక్స్ పోయిందండి. ఇంట్లో చెప్పడానికి భయపడుతోంది. వాళ్ళ నాన్నకి నైట్ షిఫ్టు."

"ఏ మిల్లమ్మా?" అన్నాడు వెనకనుంచి ఒక అంకుల్.

"రైల్ మిల్లు అంకుల్. బాస్కెట్‌బాల్ కూడా ఆడుతాది, పాపం." ప్రార్థన సరైన అడ్రసుకి చేరాలి కదా మరి.

కళ్ళు తెరిచేసరికి అందరూ గ్రేసునే చూస్తున్నారు. మార్తా ఆంటీ మెల్లగా కూతురివైపు తిరిగింది. "ఏటే గుంటా, ఇది?"

గ్రేసు ఏడుస్తుందనుకుని, నేర్చుకున్న ఓదార్పంతా నోట్లో సిద్ధం చేసుకున్నాను. ఆ పిల్ల లేచి నిలబడింది.

"అవునమ్మా, నాదే పోయింది. ఆదివారం చెప్దామనుకున్నాను. మళ్ళీ రాస్తాను, పాసవుతాను. క్యాంపుకీ ఎల్తాను."

"నాన్నకి కూడా ఇలాగే చెప్పు. అప్పుడు ఎల్దువు గాని," అంది ఆంటీ.

గ్రేసు ఇంకా కూర్చోలేదు. "నాదీ ఒక మనవండి," అంది పాస్టరుగారితో. "నాకో ఫ్రెండుంది. పేరు చెప్పను. బ్యాడ్జి పెట్టుకుంటాది. కడుపులో మాట దాగదు. ఆ నోటికి ప్రభువు తాళం ఎయ్యాలని ప్రార్థించండి."

"ఆమెన్," అన్నారందరూ. అందరికంటే గట్టిగా అన్నది మా అమ్మ.

గ్రేసు రాయ్‌పూర్ వెళ్ళింది. నేను బ్యాడ్జి వెనక్కిచ్చేశాను. ఇకమీదట ఎవరి రహస్యం విన్నా, మనుషుల సంగతి సరే, దేవుడికి కూడా చెప్పనని మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఆయనకెలాగూ తెలుసట.