ఇన్సులిన్ పట్టని నెత్తురు

మా ముత్తాత మంథని వైపు దేశ్‌ముఖ్. తాత గుర్రం దిగితే తప్ప ఊళ్లో పంచాయితీ మొదలయ్యేది కాదు. బాపుకు మిగిలింది ఆ అధికారపు గొంతు, షుగర్ జబ్బు.

ఒక కాంపౌండర్ రోజూ ఇంటికొచ్చి బాపుకు ఇన్సులిన్ సూది వేసేవాడు. మోతాదు ఎంత పెంచినా షుగర్ దిగలేదు. ఒకనాడు బాపు వాకిట్లో అందరి ముందూ అతన్ని నిలదీశాడు.

"మందు అమ్ముకొని నాకు నీళ్లు పొడుస్తున్నవురా? మీ అయ్య మా ఉప్పు తిన్నడు!"

"తిన్నడు దొరా, పని చేసి తిన్నడు" అని కాంపౌండర్ సూది డబ్బా మూసుకొని వెళ్లిపోయాడు.

డాక్టర్ సలహాతో బాపును హైదరాబాద్ తీసుకెళ్లాను. అక్కడ ఒక పరిశోధనశాలలో నెత్తురులోని ఎర్రకణాలను వేరుచేసి, వాటికి ఇన్సులిన్ ఎంత అంటుకుంటుందో పరీక్షిస్తున్నారు.

"మందు మంచిదే. మీ కణాలే దాన్ని సరిగ్గా పట్టుకోవడం లేదు. మోతాదు ఇంకా పెంచాలి, మానొద్దు" అన్నాడు పరిశోధకుడు.

"మా నెత్తురుకే వంక పెడుతున్నవా?" అని బాపు లేచాడు.

తిరిగొచ్చాక కాంపౌండర్‌ను పిలవడానికి నేనే వెళ్లి, పరీక్షలో తేలింది చెప్పాను.

"తప్పు నాది కాదని తేలింది కద చిన్నదొరా. గా మాట దొరనే వచ్చి చెప్పమనుండ్రి" అన్నాడు.

ఆ మాట బాపుకు చెప్పాను. "పట్టని మందు నాకెందుకు?" అని ఆయన సూదే మానేశాడు. తప్పు ఒప్పుకోవడం కంటే ఆయనకు అదే సులువైంది. బతిమాలడం మా ఇంట్లో లేదు, నేనూ బతిమాలలేదు.

కొన్నాళ్లకు కాలికి పుండు పడి కుళ్లింది. కాలు తీసేయించే ఖర్చుకు పెద్దపల్లి స్టేషన్ పక్కనున్న మామిడితోట అమ్మాం.