చేగోడీకి ఊడిన క్యాప్

బిలాస్‌పూర్‌లో, మా రైల్వే క్వార్టర్‌లోనే నా పెళ్ళిచూపులు జరిగాయి. అబ్బాయి తండ్రి, రిటైరైన గార్డు, నా ఎత్తుపళ్ళ మీదే చూపు పెట్టాడు.

"ఏటమ్మా, పిల్ల పళ్ళు అలగున్నాయి? నా పంటి క్యాప్ చూడండి, అసలు పన్నులాగే లేదూ?" అని అందరికీ నోరు తెరిచి చూపించాడు. అమ్మ తల దించుకుంది.

ఆ గొప్పలోనే చేగోడీ కొరికాడు. క్యాప్ ఊడి, చేగోడీతో పాటు కడుపులోకి పోయింది. పెద్దమనిషి నోట్లో వేలు పెట్టి వెతుక్కున్నాడు.

వారం తిరక్కుండా సర్కండాలోని వాళ్ళింటి నుంచి ఫోన్ చేశాడు.

"క్యాప్ దొరికిందమ్మా. కడిగించి మళ్ళీ పెట్టించీసాను. అచ్ఛా, పిల్ల మాకు నచ్చింది."

అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని, మాకు నచ్చలేదని నేనే చెప్పాను. నావి ఎత్తుపళ్ళే కావచ్చు. కానీ అవి ఎక్కడెక్కడో తిరిగొచ్చి నోట్లో కూర్చోలేదు.