కోళ్ళగూటి దగ్గర మాస్టారు

మా పక్క క్వార్టర్ సైన్సు మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున్న పాలు పోసే బెంగాలీ దాదా గేటు దగ్గరే చెప్పాడు. రెండు రోజులు దగ్గు, ఆయాసం, తెల్లారేసరికి అయిపోయిందట. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో చావు కబుర్లు వినీ వినీ విసిగిపోయాను గానీ, ఈ కబురుకి మాత్రం పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆయన తెలుగు బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. గొప్పగా చెప్పేవారని అబద్ధమాడను. మధ్యాహ్నానికే ఆయన గొంతు పోయేది, సగం మందిమి కునుకు తీసేవాళ్ళం. తనకీ నిద్రొస్తోందని, కానీ జీతం తనకే ఇస్తున్నారు గదా అని అనేవారు. సెలవు రోజున సైకిలేసుకుని హిజ్లీలో పెద్ద ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళి, అక్కడి లైబ్రరీలో తెలిసినవాళ్ళని బతిమాలి పత్రికలు చదివి వచ్చేవారు. వచ్చాక కాళ్ళు నొప్పులని మూలిగేవారు.

ఎనభైల్లో ఒక చలికాలం, ఏడాది నిండని మా తమ్ముడు జలుబు ఛాతీలోకి దిగి చనిపోయాడు. అదే జలుబు నాకూ వచ్చింది, నాలుగు తుమ్ములతో వదిలింది. అంతకుముందు అమ్మ మా ఇద్దరికీ తలంటు పోసింది. ఇంక నాయనమ్మ పట్టుకుంది, తలంటి అమ్మే పిల్లాణ్ణి పొట్టన పెట్టుకుందని. ఎవరొచ్చినా అదే పాట. అమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు, ఎందుకంటే తనూ అదే నమ్మింది.

మరుసటి ఏడు అమ్మ పెంచే కోళ్ళకి జబ్బొచ్చింది. తుమ్ములు, గొంతులో గురగుర. ఫారం నుంచి తెచ్చిన తెల్లకోళ్ళు చాలామట్టుకు చచ్చాయి. నాటుకోళ్ళు కొన్నాళ్ళు ముడుచుకు పడుకుని మళ్ళీ మేతకి లేచాయి. తన చేతిలో ఏదీ బతకదని అమ్మ గూటి దగ్గర కూలబడింది. మాస్టారు వచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నారు.

చూస్తుంటే ఇది కోళ్ళకి ఎప్పట్నుంచో ఉన్న కరోనా అనే వైరస్ జాతి పనిలా ఉందన్నారు. దాని జన్యువులన్నీ ఒక పొడుగాటి దారంలా ఉంటాయని, నకలు తీసుకున్నప్పుడల్లా తప్పులు పడి కొత్త రకాలు పుడతాయని చెప్పారు. కోళ్ళ జన్యువులూ అన్నిటికీ ఒకటి కావట. ఒకదాని ఒంట్లో వైరస్ చెలరేగిపోతుంది, ఇంకోదాని ఒళ్ళు దాన్ని అణిచేస్తుంది. అమ్మ వినీ విననట్టు ఉంది. అప్పుడడిగారు.

"ఒకే గూడు, ఒకే నూకలు. సచ్చినవాటికి నువ్వు ఏటి తేడా సేసినావు, సెల్లెమ్మా?"

మనుషులకీ అంతేనా అంది అమ్మ. మనిషికీ జన్యువులే అన్నారాయన. మనకి జలుబు తెచ్చే వైరసుల్లో దీని చుట్టాలున్నాయన్నారు.

"అయితే మా బాబుని తీసుకుపోనాది అదేనా, మేస్టారూ?"

అవునంటే ఆ పూటకి గొడవ వదిలిపోయేది. నేనైతే అనేసేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపారు.

"తెలీదమ్మా. ఎవులూ సూడలేదు. తలంటుకి పోనాడని కూడా ఎవులూ సూడలేదు."

అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఓదార్పు కోసమైనా అబద్ధమాడే మనిషి కాదని ఆ రోజే తెలిసింది మాకు. అందుకే ఆయనంటే నాకు అంత ఇష్టం.

తొంభైల్లో ఒకసారి రొప్పుకుంటూ వచ్చారు. జలుబు తెచ్చే కరోనా ఒకటి మన కణం మీదుండే ఒక ప్రోటీన్‌ని పట్టుకుని లోపలికి దూరుతుందట, ఆ ప్రోటీన్‌ని తయారుచేసేది మన జన్యువేనట. ఇంకా అదే చదువుతున్నారా అని అమ్మ టీ ఇచ్చింది. అలిసిపోయాను గానీ చదువుతున్నానన్నారు. ఎవరి కోసమో మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అమ్మ తమ్ముడి ఊసు ఎత్తేది కాదు.

ఈ మంగళవారం కబురు వినగానే వాళ్ళింటికి వెళ్ళాం. చలిలో నాన్నని చర్చికి పంపింది తనేనని, తనే చంపుకున్నానని మాస్టారి కూతురు గోడకి ఆనుకుని ఏడుస్తోంది. అందరూ ఊరుకో, ఊరుకో అంటున్నారు. అమ్మ మోకాళ్ళు పట్టుకుని, నెమ్మదిగా ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"మా బాబు కూడా సలికాలంలోనే పోనాడమ్మా. నేను ఆణ్ణి బాగానే సూసుకున్నాను."

ఇన్నేళ్ళలో అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆ పిల్ల ఏడుపాపి అమ్మ మొహంలోకి చూసింది. శవపెట్టె ఎత్తేదాకా ఇద్దరూ గోడవారన అలాగే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.