డబ్బాకు కట్టిన వాసెన

మా వారు పాత కారు బానెట్ కింద చిన్న డబ్బా బిగించారు. ఇంజిన్‌లోంచి ఆవిరితో పాటు వచ్చే నూనె తుంపరలు అందులో ఆగిపోతాయి, గాలి మాత్రం మూత మీది జాలీలోంచి బయటికి పోతుంది. అందులో చేరిన నూనె పారబోసే పని మా అత్తగారు అడగకుండానే మీద వేసుకున్నారు.

కిందటేడు అమ్మాయిని పరీక్షకు ఎచ్చెర్లలో దింపాలని నలుగురం బయల్దేరాం. సగం దారిలో బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. కారు అంటుకుందనుకుని అమ్మాయిని రోడ్డు మీదికి లాగేశాను. మా వారు బానెట్ ఎత్తితే ఇంజినంతా నూనె. ఆయిల్ కొలిచే పుల్ల పైకి తన్నుకొచ్చింది. జాలీకి ప్లాస్టిక్ కవరు, దానిపైన అత్తగారి పాత చీరముక్క, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు బిగించి ఉన్నాయి.

"దుమ్ము పడతాదని కట్టినానురా," అన్నారు అత్తగారు.

"గాలి బయటికి పోవాలమ్మా. లేకపోతే లోపల బిగిసిపోయి నూనెని తన్నేస్తాది."

"ఆ ముక్క ముందే సెప్పాల కదరా."

అమ్మాయి ఆటోలో వెళ్లి పరీక్ష రాసింది.

ఇప్పుడు కారు స్టార్ట్ చేశాక అత్తగారు బానెట్ ఎత్తించి, నిద్రపోయే పసిబిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టినట్టు, ఆ జాలీ దగ్గర చెయ్యి పెడతారు.

"ఊపిరి ఆడతన్నాది, పదండి," అన్నాకే మేం ఎక్కుతాం.